కంపెనీ ఎవరైనా ఉంటే

పళ్ళు నూరడం పళ్ళాయన వృత్తి. కోపంతో నూరడం మాత్రం కారు కొన్నాకే నేర్చుకున్నాడు.

ఆయనకి పేరు లేకపోలేదు గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు కనక వీధిలో అందరికీ పళ్ళాయనే. ఇంటి ముందుగదే పనిగది. బల్ల మీద మైనం, సుద్ద కలిపే రబ్బరు గిన్నె, గిర్రున తిరిగే చిన్న సానరాయి. కిటికీ పక్క అరల నిండా ఎవరెవరివో దవడలు, సుద్దతో పోతపోసినవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్ని నోళ్ళ మధ్య కూర్చుంటాడు, మాట్లాడే నోరు ఒక్కటీ ఉండదు. పెళ్ళి సంగతి ఇప్పుడు కాదు అప్పుడు అంటూ నాన్చి నాన్చి, అడిగేవాళ్ళు కూడా విసుగెత్తి మానేశాక, మొదటినుంచీ తన ఉద్దేశం అదే అన్నట్టు సర్దుకున్నాడు. నా అన్నవాళ్ళంటే ఒక్క అక్క. పెద్ద రోడ్డెక్కితే ఒక పూట ప్రయాణం.

కారు కొనిపించింది అక్క మొగుడు, అంటే బావ. "డీజిల్ బండే కొనవోయ్. అది దూరం పోయేకొద్దీ హుషారవుతుంది. వారం వారం వచ్చి మీ అక్క బుర్ర తిను, నాకు కాస్త తెరిపిగా ఉంటుంది" అన్నాడు. బావ మాటలన్నీ అంతే, రమ్మనడం కూడా వెక్కిరింతలాగే ఉండేది. పళ్ళాయన కొన్నాడు. మొదట్లో ఉత్సాహంగా వెళ్ళాడు కూడా. తర్వాత క్లినిక్కులవాళ్ళు అర్జెంటన్నారు, ఈ వారం కాదు వచ్చే వారం అన్నాడు, వచ్చే వారం ఎప్పుడూ వచ్చే వారంగానే ఉండిపోయింది. దూరాలు పోవాల్సిన బండి ఇంటినుంచి క్లినిక్కుకీ, క్లినిక్కునుంచి ఇంటికీ తిరిగింది. ఇంజను ఒళ్ళు వెచ్చబడేలోపే ఆగిపోయేది.

అలా ఉండగా ఓరోజు మీటర్ల మధ్య పసుపు దీపం వెలిగింది. వెలిగి ఊరుకుందా, బండి బలమంతా తీసేసింది. తొక్కుతుంటే తొక్కినట్టే ఉంటుంది, ముందుకి మాత్రం పోదు. వెనకనుంచి నల్లగా పొగ. దారినపోయేవాళ్ళు ముక్కు మూసుకుని ఆయన మొహంలోకి చూసేవాళ్ళు, ఆ పొగ ఆయనే వదిలినట్టు.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళితే అక్కడ టై కట్టుకున్న సలహాదారుడు ఒకడున్నాడు. చేతిలో పలక లాంటి కంప్యూటరు, మొహంలో వాడిపోని నవ్వు. "డీజిల్ కల్తీ అయ్యుంటుంది సార్" అన్నాడు. పళ్ళాయన బంకు మార్చాడు. దీపం మళ్ళీ వెలిగింది. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం సార్, ఇక చూస్కోండి" అన్నాడు. చూస్కున్నాడు, మళ్ళీ వెలిగింది. మూడోసారి ఆ మనిషి గొంతు తగ్గించి, రోగం సంగతి రోగికి చెప్పే డాక్టరులాగా, "మీరు దూరాలు పోవడం లేదు సార్. మీ వాడకంలోనే ఉంది లోపం. పెద్ద రోడ్డు మీద గట్టిగా తోలితే లోపలి మసంతా కాలిపోతుంది" అన్నాడు.

"బండి బాగుంటే కదయ్యా దూరం పోయేది" అన్నాడు పళ్ళాయన.

"దూరం పోతేనే సార్ బాగుండేది."

దీనికేం చెప్పాలి మనిషన్నవాడు. ఒళ్ళు మండి, బయటి హాల్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పక్క కుర్చీలో ఒక డ్రాయింగ్ మాస్టారు. అదే కారు, అదే రంగు, అదే పొగ. "ఇలాంటి కంప్లయింటు మీ ఒక్కరిదే సార్ అన్నారండీ నన్ను" అన్నాడు మాస్టారు. "నన్నూ అదే అన్నారు" అన్నాడు పళ్ళాయన. ఆ ‘ఒక్కరు’లిద్దరూ పక్కపక్కన కూర్చుని కంపెనీవాళ్ళిచ్చిన కాఫీ తాగారు. చాలాకాలం తర్వాత ఒక మనిషితో తీరిగ్గా మాట్లాడినట్టయి, వచ్చేసారి ఫోను నంబరు అడగాలనుకున్నాడు పళ్ళాయన. వచ్చేసారికి మాస్టారు కారు అమ్మేసుకున్నాడు.

అసలు కథ ఇది కాదు. అసలు కథ బావ పోయిన రోజుది.

పొద్దున్నే అక్క వాళ్ళ పక్కింటావిడ ఫోన్ చేసింది. నిద్రలోనే పోయాడట. పళ్ళాయన బల్ల మీద మైనం కరుగుతుంటే కరుగుతున్నట్టే వదిలేసి, వేసుకున్న చొక్కాతోనే బయల్దేరాడు. ఇది మాత్రం నిజం, క్షణం ఆలస్యం చెయ్యలేదు. సగం దారిలో పెద్ద వంతెన ఎక్కుతుండగా పసుపు దీపం, దాని పక్కనే ఎర్ర దీపం. బండి నాలుగడుగులు ఈడ్చి ఈడ్చి, వంతెన నడినెత్తిన మొండికేసింది. కంపెనీ సహాయం నంబరుకి ఫోన్ చేస్తే పాట వినిపించారు. మధ్యమధ్యలో పాట ఆపి, మీ కాల్ మాకెంతో ముఖ్యం అన్నారు. కింద నది పారుతోంది, పక్కనుంచి లారీలు పోతున్నాయి, అక్కడ బావని తీసుకెళ్ళిపోతున్నారు, చెవిలో పాట.

చివరికి బళ్ళు మోసుకుపోయే లారీ వచ్చింది. దగ్గర్లో కంపెనీ సర్వీస్ సెంటర్ అక్క వాళ్ళ ఊరు దాటాకే ఉంది కనక దారిలో ఆపుతానన్నాడు లారీ డ్రైవరు. పళ్ళాయన బావ ఇంటికి అలా చేరాడు, లారీలో, కారుని వెనక మోయించుకుంటూ. అప్పటికి అన్నీ అయిపోయాయి. కుర్చీలు మడిచి గోడకి ఆనించారు. వచ్చినవాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నారు.

అక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా బావ కుర్చీ. పళ్ళాయనకి ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. కొందరంతే, దుఃఖానికి వేరే దారి తెలియదు. నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు. పసుపు దీపం, వంతెన, పాట, దిక్కుమాలిన కంపెనీ, ఫోనెత్తని కంపెనీ, మనిషి చచ్చినా పలకని కంపెనీ. బయట లారీ ఇంజను ఆపకుండా నిలబడి గుర్రుమంటోంది. అక్క అంతా విని, కాసేపు ఆ కుర్చీ వైపు చూసి, ఒక్క మాట అంది.

"కంపెనీ ఎవరైనా ఉంటే బాగుండేదిరా."

లారీవాడు హారన్ కొట్టాడు. సెంటర్ మూసేలోగా బండి అప్పగించాలి. "నేను చూసుకుంటాగా అక్కా. వదిలిపెట్టను" అని పళ్ళాయన లారీ ఎక్కేశాడు.

ఎక్కాక ఆ మాటని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు. కంపెనీవాళ్ళెవరైనా పక్కనుంటే బాగుండేది. అంటే ఏమిటి? సాక్ష్యం కావాలి. అంటే తన మాట నమ్మలేదు. ఎప్పుడు రమ్మన్నా ఏదో ఒక సాకు చెప్పినవాడే కదా, బావ చావుకి కూడా ఒక సాకు తెచ్చాడనుకుంది. చిన్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళిన అక్క. తప్పు తనది కాదు, బండిది. ఈ మాట కంపెనీ నోటితో అక్క చెవిన వేయించేదాకా ఆ గుమ్మం తొక్కకూడదనుకున్నాడు. చూడండి, మనుషులు ఎంత తేలిగ్గా ఒట్లు పెట్టుకుంటారో.

ఇక పట్టుకున్నాడు. తాడో పేడో తేల్చుకోవాల్సిందే అన్నాడు. సర్వీస్ సెంటర్ నుంచి ఏరియా ఆఫీసుకి, ఏరియా ఆఫీసు నుంచి పెద్దాఫీసుకి కాళ్ళరిగేలా తిరిగాడు. అందరూ కూర్చోమన్నారు, నీళ్ళిచ్చారు, తర్వాత తామూ నీళ్ళు నమిలారు. బండిలో ఏ లోపమూ కనిపించలేదు, వాడకం సరిగా లేదు అని తిప్పి తిప్పి అదే. మధ్యలో అక్కకి ఫోన్ చేసినప్పుడల్లా ఆ ముచ్చటే చెప్పేవాడు.

"కంపెనీవాళ్ళు ఇంకా తేల్చలేదక్కా."

"పోనీలేరా. తింటున్నావా సరిగ్గా? ఎప్పుడొస్తావ్?"

"తేలగానే వచ్చేస్తా."

అక్క వాళ్ళింట్లో వెనక ఎవరో గలగలా మాట్లాడుతున్నట్టు వినబడేది. ఎవరో వచ్చి ఉంటార్లే, అక్కకి జనానికేం లోటు అనుకుని పెట్టేసేవాడు.

పళ్ళాయనకి మాత్రం వారానికోసారి ఫోను వచ్చేది. కంపెనీనుంచే. ఫిర్యాదు తెరిచి ఉన్నన్నాళ్ళూ ఫోన్ చేసి పలకరించాలని వాళ్ళకి రూలు. చేసేది ఒకే అమ్మాయి. "ఈ కాల్ రికార్డవుతోంది సార్. మీ కంప్లయింట్ ఇంకా పరిశీలనలో ఉంది సార్. ఇంకేమైనా సహాయం కావాలా సార్." మొదట్లో ఆ అమ్మాయి మీద ఎగిరిపడేవాడు. ఎగిరి ఎగిరి ఆయాసం వచ్చాక, పాపం ఈ పిల్లేం చేసింది అనిపించింది. ఒకసారి ఆ పిల్లే అడిగింది.

"వెనక ఆ చప్పుడేంటి సార్?"

"పళ్ళమ్మా. నూరుతున్నా."

"నా మీదా సార్?"

పళ్ళాయన నవ్వాడు. ఎన్నాళ్ళకి నవ్వాడో, దవడ నొప్పెట్టింది. ఆ తర్వాత మాట ఫిర్యాదు దాటి అటూ ఇటూ పోయేది. వాళ్ళమ్మకి పళ్ళ సెట్టు వదులై మాట్లాడుతుంటే జారిపోతోందట. కొత్తది కట్టించక్కర్లేదు, లోపలి వైపు పూత వేయిస్తే చాలు, ఇలా ఇలా అడగమని చెప్పాడు పళ్ళాయన. ఫోనొచ్చే రోజు సానరాయి ఆపి పెట్టుకునేవాడు. అలా ఎదురుచూస్తున్నానని ఎవరితోనూ ఒప్పుకునేవాడు కాదు, అడిగేవాళ్ళు మాత్రం ఎవరున్నారు.

ఓ మధ్యాహ్నం ఆ అమ్మాయి మామూలు మాటలు మానేసి, "సార్, ఒక విషయం" అంది. "మీ మోడల్ బళ్ళన్నిటికీ పొగని మళ్ళీ ఇంజనులోకి మళ్ళించే వాల్వు మారుస్తున్నాం. ఉచితంగా. అది బిగుసుకుపోయి మసి ఎక్కువ తయారవుతోంది సార్, అందుకే బళ్ళు ఆగిపోతున్నాయి. నాణ్యత మెరుగుదల అని పైనుంచి ఆర్డరు వచ్చింది."

పళ్ళాయన చేతిలో పై దవడ అలాగే ఉండిపోయింది. "అంటే తప్పు మీదే."

"తప్పు అనే మాట మేం వాడకూడదు సార్."

"మరేమంటారు?"

"మెరుగుదల అంటాం."

"నీ మెరుగుదల సంతకెళ్ళ. నాకు డబ్బూ వద్దు, కొత్త బండీ వద్దు. తప్పు బండిది అని మా అక్కతో ఒక్క ముక్క చెప్పమ్మా. చాలు."

అలా చెప్పమని ఆమె ముందున్న కాగితంలో ఉండదు కదా. కాసేపటికి, "శనివారం నాకు సెలవు సార్. నా సొంత నంబరు రాసుకోండి" అంది. తర్వాత చిన్నగా, "మా అమ్మ పళ్ళు ఇప్పుడు కదలడం లేదు సార్" అంది.

వాల్వు మార్చారు. శనివారం పొద్దున్న పళ్ళాయన పెద్ద రోడ్డెక్కాడు. చెప్పొద్దూ, బండి ఎంత బాగా పోయిందంటే ఆయనకే అనుమానం వచ్చింది, ఇది తన బండేనా అని. పసుపు దీపం ఊసే లేదు. దూరం పోయేకొద్దీ ఇంజను గొంతు నున్నబడింది. బావ చెప్పింది ఇదే. వంతెన మీదికి వచ్చేసరికి బావ ఇక లేడన్నది ఒక్కసారిగా తెలిసివచ్చి, ఏడాదిగా రాని ఏడుపు అక్కడ వచ్చింది. కారాపలేదు. ఏడుస్తూనే తోలాడు. ఆగితే మళ్ళీ కదులుతుందో లేదో అన్న భయం ఇంకా పోలేదు మరి.

అక్క ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరో గలగలా మాట్లాడుతున్నారు. చుట్టాలెవరో ఉన్నారు, మంచిదే, అందరి ముందూ తేలిపోతుంది అనుకుంటూ లోపలికెళ్ళాడు. చుట్టాలు లేరు. ముందుగదిలో ఎవరూ లేరు. రేడియో మాట్లాడుతోంది. అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సన్నబడింది. బల్ల దగ్గర కుర్చీలు రెండూ ఉన్నచోటే ఉన్నాయి.

"వచ్చావా" అంది. గొంతులో సంతోషం దాచుకోలేదు. "కూర్చో."

పళ్ళాయన కూర్చోలేదు. రేడియో గొంతు తగ్గించి, ఫోను తీసి బల్ల మీద పెట్టి నంబరు నొక్కాడు. స్పీకరు పెట్టాడు. దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, "విను" అని మాత్రం అన్నాడు.

"అమ్మా, నమస్తే" అంది ఫోనులో అమ్మాయి. రికార్డవుతోందని అనలేదు. "నేను కారు కంపెనీలో పని చేస్తానమ్మా. ఆ రోజు సారు టైముకే బయల్దేరారు. బండి ఆగిపోయింది. తప్పు బండిదేనమ్మా, మాది. ఆయన తప్పేమీ లేదు."

అక్క ఫోను వంక చూసింది, తమ్ముడి వంక చూసింది. "సరే తల్లీ" అంది. "భోంచేశావా?"

"చేశానమ్మా."

"మంచిది. ఉంటాను మరి."

ఫోను ఆగిపోయింది. పళ్ళాయన పరీక్ష రాసి వచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు. అక్క అడిగింది, "ఎవర్రా ఈ అమ్మాయి?"

"కంపెనీ అక్కా. నువ్వే అన్నావుగా ఆ రోజు, కంపెనీ ఎవరైనా ఉంటే బాగుండేదని. ఏడాది పట్టింది ఒప్పించడానికి."

అక్క బావ కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. మొదట నవ్వు వచ్చినట్టే అయింది ఆమెకి, అది మొహంలో సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"నేనన్నది ఈ కంపెనీ కాదురా" అంది. "అందరూ వెళ్ళిపోతున్నారు. ఈ కుర్చీ ఇలా ఉంది. రాత్రికి ఇంట్లో నేనొక్కదాన్నే. నాకు కంపెనీ ఎవరైనా ఉంటే బాగుండేదని నీతో అన్నా. నేను చూసుకుంటానన్నావ్. హమ్మయ్య అనుకున్నా. చూస్తే లారీ ఎక్కేశావ్."

పళ్ళాయన బల్ల మీది ఫోను తీసి జేబులో వేసుకున్నాడు.

"ఆలస్యంగా వచ్చావని నేనెప్పుడన్నారా నిన్ను? వచ్చావు కదా అదే చాలనుకున్నా." అక్క కుర్చీ మీద లేని దుమ్ము దులిపింది. "సర్లే, అదప్పటి మాట. ఇప్పుడు రేడియో పెట్టుకుంటే సరిపోతోంది, అలవాటైపోయింది. టీ పెడతానుండు. చీకటి పడకముందే బయల్దేరతావుగా."

అడగడం కూడా కాదు అది. తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పి వంటింట్లోకి వెళ్ళింది. పళ్ళాయన గదంతా కలయజూశాడు. ఏడాదిగా ఫోనులో విన్న జనం ఈ రేడియోనే అన్నమాట. తను కంపెనీవాళ్ళతో కొట్లాడుతున్నానని చెప్పిన ప్రతిసారీ అక్క ఈ రెండు కుర్చీల మధ్య నిలబడి విన్నదన్నమాట. చేతిలో సంచీ అయినా లేదు, మార్చుకోవడానికి చొక్కా అయినా తెచ్చుకోలేదు. గెలిచి వెళ్ళిపోదామని వచ్చినవాడికి చొక్కా ఎందుకు?

మెల్లిగా బయటికి నడిచి కార్లో కూర్చున్నాడు. తాళం తిప్పాడు. ముట్టుకోగానే అందుకుంది ఇంజను, ఏడాదిలో ఎన్నడూ అంత చక్కగా అందుకోలేదు. వీధంతా వినబడేలా దడదడమంది. ఏ దీపమూ వెలగలేదు. పళ్ళాయన దాన్ని కాసేపు విన్నాడు. తర్వాత ఆపేసి, తాళం జేబులో వేసుకుని, లోపలికి వచ్చాడు.

అక్క వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆ కిటికీ వీధిలోకే.

"బండి స్టార్టవడం లేదక్కా" అన్నాడు.

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. అక్క ఇంకో గ్లాసు నీళ్ళు అందులో పోసింది.

"కంపెనీకి ఫోన్ చెయ్యకపోయావా?" అంది, వెనక్కి తిరక్కుండా.

"చేశా. ఎత్తడం లేదు."

"వాళ్ళంతే" అంది అక్క. ముందుగదిలోకి వచ్చి రేడియో కట్టేసింది.